ఉక్రెయిన్‌కు ఎవరు ఎంత ఇచ్చారు? కీల్ వారి ‘ఉక్రెయిన్ సపోర్ట్ ట్రాకర్’ మీద నా రివ్యూ

ఉక్రెయిన్‌కు ఆయుధాలు ఇవ్వాలా వద్దా అనే వాదన ఏ గ్రూపులో మొదలైనా కాసేపటికే నోటికొచ్చిన అంకెలు బయటికొస్తాయి. ఒకాయన అమెరికా 350 బిలియన్ డాలర్లు ధారపోసిందంటాడు. ఇంకొకాయన యూరప్ పైసా తియ్యకుండా మాటలు మాత్రం చెబుతోందంటాడు. మరొకరు అసలు ఆయుధాల ఊసే లేదు, అంతా నాయకుల జేబుల్లోకే పోయిందంటారు. ఎవరి దగ్గరా ఫార్వర్డ్‌లో వచ్చిన బొమ్మ తప్ప వేరే ఆధారం ఉండదు. ఇలాంటప్పుడు నేను తెరిచి చూసేది జర్మనీలోని కీల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది వరల్డ్ ఎకానమీ నడిపే ‘ఉక్రెయిన్ సపోర్ట్ ట్రాకర్’. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. సైట్‌లో చార్టులు చూసుకోవచ్చు, మొత్తం డేటాను ఎక్సెల్ ఫైల్‌గా దించుకోవచ్చు. చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి దీని మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

కీల్ బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ఈ సంస్థ అక్కడ 1914 నుంచీ ఉంది. అక్కడి ఆర్థికవేత్త క్రిస్టోఫ్ ట్రెబెష్ బృందం ఈ ట్రాకర్ మొదటి విడతను 2022 ఏప్రిల్‌లో, అంటే యుద్ధం మొదలైన రెండు నెలలకే బయటపెట్టింది. లెక్క 2022 జనవరి 24 నుంచి మొదలవుతుంది, రష్యా దాడికి సరిగ్గా నెల ముందు. నలభైకి పైగా ప్రభుత్వాలు, వాటితో పాటు యూరోపియన్ యూనియన్ సంస్థలు ఇచ్చిన సాయాన్ని సైనిక, ఆర్థిక, మానవతా సాయం అని మూడుగా విడదీసి చూపిస్తారు. శరణార్థుల మీద ఆయా దేశాలు పెట్టిన ఖర్చును ఇందులో కలపకుండా పక్కన వేరే చూపిస్తారు, అది సరైన పద్ధతే. ఆ ఖర్చు కలిపి చూస్తే పోలండ్, చెక్ రిపబ్లిక్ లాంటి దేశాల మొత్తాలు బాగా పెరిగిపోతాయి, లక్షల మందిని తమ ఊళ్లలో పెట్టుకున్నది వాళ్లు కదా.

నా దృష్టిలో ఈ ట్రాకర్‌లో అన్నిటికన్నా విలువైనది, మాట ఇచ్చిన డబ్బునూ నిజంగా కేటాయించిన డబ్బునూ వేరు చేసి చూపించడం. పెళ్లిలో చదివింపులప్పుడు మైకులో వినిపించే మొత్తం ఒకటి, కవరు విప్పితే ఉండేది ఇంకొకటి అయితే ఎలా ఉంటుందో ఈ సాయం విషయంలో చాలాసార్లు అలాగే జరిగింది. మొదట్లో ట్రాకర్ కూడా మాట ఇచ్చిన మొత్తాలనే ప్రధానంగా చూపించేది. 2024 నుంచి పద్ధతి మార్చి, ఫలానా వస్తువు ఫలానా చోటికి అని తేల్చి కేటాయించిన దాన్ని, లేదా ఇప్పటికే పంపేసిన దాన్ని ముందు పెట్టారు. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ వాదన మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని ఎంత గట్టిగా ప్రకటించిందో గుర్తుందా? గడువు దగ్గరపడేసరికి, అంటే 2024 జనవరిలో, అప్పటి విదేశాంగ విధాన అధిపతి జోసెప్ బొరెల్ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం మార్చికల్లా అందేవి 5,24,000. సగం. ప్రకటన రోజు చప్పట్లు కొట్టినవాళ్లకు ఆ మిగతా సగం కందకాల్లో ఉన్నవాడికి ఏమిటో తెలియదు. అటువైపు నుంచి పది గుండ్లు పడుతుంటే ఇటు నుంచి రెండు కూడా కొట్టలేని పరిస్థితి అది.

ఇప్పుడు అమెరికా లెక్క. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, ఈ విషయం మీద మా ఇద్దరికీ ఫోన్‌లో పెద్ద వాదనే జరిగింది. “మా ట్యాక్స్ డబ్బులు అక్కడ పోస్తున్నార్రా, ఇక్కడ మా పిల్లాడి కాలేజీ ఫీజు చూస్తే గుండె ఆగుతుంది” అన్నాడు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, పన్ను కట్టేవాడికి అడిగే హక్కుంది. కానీ అన్నయ్య చెప్పిన అంకె 350 బిలియన్, 2025 ఫిబ్రవరిలో ట్రంప్ చెప్పినదే. ట్రాకర్ ప్రకారం 2024 చివరి వరకు అమెరికా కేటాయించినది మొత్తం 114 బిలియన్ యూరోలు, మన పద్ధతిలో 11,400 కోట్ల యూరోలు, డాలర్లలో దాదాపు 120 బిలియన్. అదే సమయానికి యూరప్ దేశాలు, యూనియన్ కలిపి ఇచ్చినది 132 బిలియన్ యూరోలు. అంటే యూరప్ ఏమీ ఇవ్వలేదన్న మాట తప్పు, అమెరికా 350 ఇచ్చిందన్న మాటా తప్పు. మరి వార్తల్లో కనిపించే 175 బిలియన్ డాలర్ల సంగతేమిటి అని అడుగుతారు. అది అమెరికా కాంగ్రెస్ అయిదు చట్టాల్లో ఆమోదించిన మొత్తం. అందులో యూరప్‌లో ఉన్న సొంత సైన్యం ఖర్చు, ఖాళీ అయిన సొంత గోదాములు నింపుకోవడానికి పెట్టిన డబ్బు కూడా ఉన్నాయి. ట్రాకర్ ఉక్రెయిన్‌కు చేరాల్సినదాన్నే లెక్కేస్తుంది కాబట్టి దాని అంకె తక్కువ వస్తుంది.

ఇంకో సంగతి ఎక్సెల్‌లో వరసలు ఒక్కొక్కటీ చదివితే గానీ తలకెక్కదు. అమెరికా సైనిక సాయంలో పెద్ద భాగం నోట్ల కట్టలుగా పోలేదు. ఒక దారిలో అధ్యక్షుడు సైన్యం గోదాముల్లో ఉన్న ఆయుధాలను తీసి పంపుతాడు, ఇంకో దారిలో అమెరికా కంపెనీలకే కొత్తగా ఆర్డర్లిచ్చి తయారు చేయిస్తారు. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్ల ఉక్కు తొడుగులు పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ ఫ్యాక్టరీలో తయారవుతాయి. యుద్ధానికి ముందు అమెరికా మొత్తం మీద నెలకు 14,000 గుండ్లు తయారయ్యేవి, దాన్ని లక్షకు పెంచాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ పని, ఆ జీతాలు అక్కడివాళ్లవే. అన్నయ్యకు ఇదంతా చెబితే, “అయినా మా డబ్బే కదా” అన్నాడు. నిజమే, వాళ్ల డబ్బే. కానీ ఆ డబ్బు కీవ్ వెళ్లిపోయిందనడం మాత్రం కుదరదు.

పాత ఆయుధానికి ధర ఎలా కట్టాలనేది కూడా పెద్ద చిక్కు. ఇరవై ఏళ్లు గోదాములో ఉన్న బండికి కొత్త బండి ధర వెయ్యాలా, అరిగిన ధర వెయ్యాలా? 2023 జూన్‌లో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ స్వయంగా లెక్క సరిచూసుకుని, పంపిన సరుకుకు 6.2 బిలియన్ డాలర్లు ఎక్కువ ధర వేసుకున్నామని చెప్పింది. ఒకే వస్తువుకు రెండు ధరలు వేయగలిగే చోట అంకె దానికదే సత్యం కాదు. ట్రాకర్ వాళ్లు దీన్ని దాచరు, ఏ ధర పద్ధతి వాడారో వివరంగా రాసిన పత్రం కూడా సైట్‌లో ఉంది. అది చదవకుండా చార్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టేవాళ్లతోనే నాకు గొడవ.

దేశం స్థోమతను బట్టి ఎంత ఇచ్చారో చూపించే చార్టు నాకు అన్నిటికన్నా ఇష్టం. మొత్తం డాలర్లు చూస్తే అమెరికా, జర్మనీ, బ్రిటన్ పైన ఉంటాయి. జీడీపీలో వాటాగా చూస్తే జాబితా తిరగబడుతుంది: ఎస్తోనియా, డెన్మార్క్ ఇన్నేళ్లలో మొత్తం కలిపి తమ జీడీపీలో రెండు శాతానికి మించి ఇచ్చి పైకొచ్చాయి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ ఏడాదికి 0.1 శాతం దగ్గరే ఆగిపోయాయి. అమెరికా, జర్మనీ, బ్రిటన్ కూడా ఏడాదికి 0.2 శాతం దాటలేదు. పదమూడు లక్షల జనాభా ఉన్న ఎస్తోనియా, అంటే మన విజయవాడ అంత జనం ఉన్న దేశం, తన దగ్గరున్న 155 మిల్లీమీటర్ల హోవిట్జర్ ఫిరంగులన్నీ ఇచ్చేసింది. డెన్మార్క్ ప్రధాని మెటె ఫ్రెడెరిక్సెన్ 2024 ఫిబ్రవరిలో తమ ఫిరంగులన్నిటినీ ఇస్తున్నామని ప్రకటించారు. వీళ్లంతా రష్యా పక్కన ఉన్నవాళ్లు, లేదా బాల్టిక్ సముద్రం పంచుకునేవాళ్లు, అందుకే భయపడి ఇచ్చారని కొందరు తీసిపారేస్తారు. భయం ఉండటంలో తప్పేముంది? ఎస్తోనియాను సోవియట్ యూనియన్ 1940లో మింగేసింది, అక్కడివాళ్లకు అది పుస్తకంలో చదువుకున్న పాఠం కాదు. ఈ ఒక్క చార్టు చూశాక “మేం భరించలేనంత ఇస్తున్నాం” అని పెద్ద దేశాల నాయకులు చేసే ప్రసంగాలు నాకు చెవికెక్కడం మానేశాయి.

నెలలవారీ చార్టు చూస్తే మాత్రం నిజంగా మనసు పాడవుతుంది. 2023 అక్టోబర్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ కొత్త నిధులు అడిగారు, ప్రతినిధుల సభ దాన్ని ఆర్నెల్లు తొక్కిపెట్టింది, చివరికి 2024 ఏప్రిల్ 20న 311–112 ఓట్లతో ఆమోదించింది. దాదాపు 61 బిలియన్ డాలర్లు. ఓట్లు చూస్తే ఇంత మెజారిటీ ఉన్న విషయానికి ఆర్నెల్లు ఎందుకు పట్టిందో ఎవరైనా చెప్పాలి. ఆ మధ్యలో ఫిబ్రవరిలో అవ్దీవ్‌కా పట్టణం రష్యా చేతిలోకి పోయింది, గుండ్లు చాలక వెనక్కి తగ్గామని ఉక్రెయిన్ సైనికులు చెప్పారు. ఆలస్యం ఒక్క అమెరికాది మాత్రమే కాదు. 2022 జనవరిలో జర్మనీ 5,000 హెల్మెట్లు ఇస్తామని ప్రకటించింది, లెపర్డ్ ట్యాంకులకు ఒప్పుకున్నది 2023 జనవరి 25న. ఎఫ్-16 విమానాలకు 2023లో ఒప్పుకుంటే మొదటివి 2024 వేసవిలో చేరాయి. ప్రతిసారీ అదే వరస: ముందు “ఇస్తే పుతిన్ యుద్ధం పెంచుతాడు”, తర్వాత నెలల తరబడి చర్చ, తర్వాత ఇవ్వడం. అణుయుద్ధం భయం అర్థం లేనిది అని నేను అనను, అణ్వాయుధాలున్న దేశంతో వ్యవహారం కాబట్టి ఆలోచించాల్సిందే. కానీ ఎలాగూ ఇచ్చేదాన్ని ఏడాది ఆలస్యంగా ఇస్తే ఆ ఏడాదిలో అవతలివాడు మందుపాతరలు పాతుకుని, కందకాలు తవ్వుకుని కూర్చుంటాడు. 2023 వేసవిలో ఉక్రెయిన్ ఎదురుదాడి జపోరిజియా వైపు సరిగ్గా వాటి మీదే ఆగిపోయింది. ఇస్తే మొదట్లోనే ఇవ్వాలి, లేదా ఇవ్వమని మొదట్లోనే చెప్పాలి.

2025 చార్టు వేరే కథ. మార్చి 3న అమెరికా సైనిక సాయం ఆపింది, జెద్దాలో చర్చల తర్వాత 11న మళ్లీ మొదలుపెట్టింది. కొత్త కేటాయింపులు మాత్రం దాదాపు ఆగిపోయాయి. ఏప్రిల్ వరకు తీసిన లెక్కలో యూరప్ సైనిక సాయం మొత్తం 72 బిలియన్ యూరోలకు చేరి, అమెరికా 65 బిలియన్‌ను దాటింది. వేసవి నుంచి నాటో దేశాలు డబ్బు కడితే అమెరికా ఆయుధాలు పంపే కొత్త ఏర్పాటు వచ్చింది, నెదర్లాండ్స్ 50 కోట్ల యూరోలతో మొదలుపెట్టింది. అయినా ఆ జూలై, ఆగస్టు నెలల్లో సైనిక సాయం ఏడాది మొదటి సగంతో పోలిస్తే 43 శాతం పడిపోయిందని ట్రాకర్ చూపించింది. ఇలాంటి పతనం వార్తల్లో కనిపించదు, ఎందుకంటే వార్తల్లో సమావేశాలూ కరచాలనాలే వస్తాయి. డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ నాయకులు స్తంభింపజేసిన రష్యా ఆస్తులను వాడాలా అని రాత్రంతా చర్చించి, చివరికి తామే అప్పు చేసి 90 బిలియన్ యూరోలు ఇస్తామన్నారు. అదీ అప్పటికి మాటే, కేటాయింపు గడిలోకి ఎప్పుడు ఎంత మారుతుందో చూడాలి.

ఇక లోపాలు. మొదటిది, ప్రభుత్వాలు చెప్పనిది ట్రాకర్‌కు తెలియదు. ఫ్రాన్స్ చాలాకాలం ఏమిచ్చిందో బయటపెట్టలేదు, దాంతో జాబితాలో అట్టడుగున పడింది. 2024లో వాళ్ల రక్షణ శాఖ 2.6 బిలియన్ యూరోల సైనిక సాయం ఇచ్చామని లెక్క విడుదల చేస్తే, అప్పటికి కీల్ చూపిస్తున్నది అందులో చిన్న భాగమే. ఇటలీ కూడా జాబితాలు రహస్యంగా ఉంచింది. అందువల్ల రెండు దేశాలను పక్కపక్కన పెట్టి “చూశారా, వీళ్లు పిసినారులు” అనే ముందు, ఆ దేశం లెక్కలు బయటపెడుతుందా లేదా అన్నది చూసుకోవాలి. రెండోది, డబ్బులో కొలవలేనివి ఇందులో ఉండవు. అమెరికా ఉపగ్రహాల సమాచారం విలువ ఎంతని రాస్తారు? 2025 మార్చిలో ఆ సమాచారం కొన్ని రోజులు ఆపినప్పుడే అది ఎంత ముఖ్యమో తెలిసింది, చార్టులో మాత్రం దానికి గడి లేదు. ప్రైవేటు విరాళాలు కూడా లెక్కలో లేవు, చాలా డ్రోన్లు మామూలు జనం చందాలతో కొన్నవే. మూడోది, అప్పుగా ఇచ్చినదీ ఉచితంగా ఇచ్చినదీ మొత్తంలో కలిసిపోతాయి. విడదీసి చూడాలంటే లోపలికి వెళ్లాల్సిందే. యూనియన్ ఆర్థిక సాయంలో చాలా భాగం తేలిక షరతుల అప్పే, కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

వాడుక విషయానికొస్తే, కంప్యూటర్‌లో బాగుంటుంది, ఫోన్‌లో చార్టుల కింద అక్షరాలు చదవడానికి కళ్లు చికిలించాలి. ఇంగ్లీష్, జర్మన్ తప్ప వేరే భాష లేదు. అంకెలన్నీ బిలియన్ యూరోల్లో ఉంటాయి, వంద కోట్లతో గుణించుకుంటూ కూర్చోవాలి. కొత్త విడత రావడానికి రెండు నెలలో, ఇంకా ఎక్కువో పడుతుంది, ఆ మధ్యలో జరిగినవి ఉండవు. ఎక్సెల్ ఫైలు పెద్దది, షీట్లు చాలా ఉంటాయి, మొదటిసారి తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ వస్తుంది.

ఇది అవినీతిని పట్టే పరికరం కూడా కాదు. ఇచ్చినది ఎంతో చెబుతుంది, అక్కడ ఎలా ఖర్చయిందో చెప్పదు. 2025 నవంబర్‌లో ఉక్రెయిన్ అణు విద్యుత్ సంస్థలో కమీషన్ల కుంభకోణం బయటపడితే మా గ్రూపులో ఒకరు వెంటనే ట్రాకర్ చార్టు పెట్టి “ఇదంతా తినేశారు” అన్నారు. ఆ కేసు విద్యుత్ కాంట్రాక్టులది, దాన్ని పట్టుకున్నది ఉక్రెయిన్ సొంత అవినీతి నిరోధక సంస్థలే, ఆ దెబ్బకు మంత్రులు పోయారు. యుద్ధం మధ్యలో కూడా సొంత ప్రభుత్వంలోని పెద్దల మీద కేసు పెట్టే దేశాన్ని ఆ ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మన తెలుగు గ్రూపుల్లో ఇంకో వాదన వస్తుంది, దానికి ట్రాకర్ దగ్గర జవాబు లేదు. “1971లో రష్యా మన పక్కన నిలబడింది, ఉక్రెయిన్ పాకిస్తాన్‌కు ట్యాంకులు అమ్మింది, మనకెందుకు వాళ్ల మీద జాలి?” రెండూ నిజాలే. 1990ల్లో ఉక్రెయిన్ పాకిస్తాన్‌కు 320 టీ-80 ట్యాంకులు అమ్మింది. కానీ 1971లో మన పక్కన నిలబడిన సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా భాగమే. పైగా 1994 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో తన దగ్గరున్న అణ్వాయుధాలు వదులుకోవడానికి ఒప్పుకున్నప్పుడు, నీ సరిహద్దులు గౌరవిస్తామని సంతకం పెట్టినవాళ్లలో రష్యా ఉంది, అమెరికా, బ్రిటన్ ఉన్నాయి. మనం చమురు ఎక్కడ కొనాలన్నది మన దేశ అవసరం, అది వేరే చర్చ. పక్కదేశం సైన్యంతో వచ్చి ఊళ్లు లాక్కుంటుంటే ఎదిరించేవాడికి ఆయుధం ఇవ్వడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న, దానికి నా జవాబు న్యాయమే అని. 2022లో ఆపరేషన్ గంగలో సుమారు 22,500 మంది భారతీయులు తిరిగొచ్చారు, అందులో మన తెలుగు మెడిసిన్ పిల్లలు ఎంతమందో. ఖార్కివ్ బంకర్ల నుంచి వాళ్లు చేసిన వీడియో కాల్స్ చూసిన ఇళ్లలో ఈ ప్రశ్న అంత దూరంది కాదు. ఉద్యోగమని నమ్మించి రష్యా సైన్యంలోకి పంపితే ప్రాణం పోగొట్టుకున్న హైదరాబాద్ యువకుడి ఇల్లు కూడా అలాంటిదే. ట్రాకర్ జాబితాలో భారత్ పేరు కూడా కనిపిస్తుంది, మందులు, దుప్పట్లు లాంటి మానవతా సాయంతో, చిన్న అంకె పక్కన.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. అర మార్కు తగ్గించింది ఫోన్‌లో ఇబ్బందికీ, అప్పు, ఉచితం కలిపేసినందుకూ. ప్రభుత్వాలు దాచినదానికి వాళ్లను శిక్షించడం సబబు కాదు. జర్నలిజం చదివే పిల్లలు, డిబేట్ పోటీలకు వెళ్లేవాళ్లు, అమెరికాలో ఓటు హక్కు వచ్చిన మనవాళ్లు తప్పకుండా చూడాలి. ఎక్సెల్ తెరిచినవాళ్లు సారాంశం షీట్ల దగ్గర ఆగకుండా ప్రతి సాయాన్నీ వరసగా రాసిన ప్రధాన షీట్‌కు వెళ్లండి. దేశం పేరుతో ఫిల్టర్ పెట్టి, తేదీ, వస్తువు, విలువ, ఆధారం లింకు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని ఒక అరగంట చదివితే చాలు. డెన్మార్క్‌తో మొదలుపెట్టండి, వరసలు తక్కువ, వివరాలు స్పష్టంగా ఉంటాయి. అమెరికా తర్వాత చూడొచ్చు.